లేటు వాళ్లది, గడువు మీది

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మా ఆయన కువైట్‌లో డ్రైవరు. ఆయన పంపిన డబ్బుతో 2020లో తిరుచానూరు దగ్గర 40 అంకణాల స్థలం నా పేరు మీద కొన్నాం. అమ్మింది మా తోటికోడలి అన్న. ఆయన 2017 నుంచి చిత్తూరులో చీటీలు నడిపేవాడు. 2023 చివర్లో బోర్డు తిప్పేశాడు. 2024 మార్చిలో చిత్తూరులో చీటింగ్ కేసు పెట్టారు, ఛార్జిషీటు కూడా వేశారు. మాకేం సంబంధం లేదనుకుని స్థలంలో పిల్లర్లు లేపాం. పోయిన వారం కోర్టు నుంచి నోటీసు వచ్చింది. ఆ స్థలం నేరం చేసి సంపాదించిందట, నేను ఆయన తరఫున నా పేరు మీద ఉంచుకున్నానట, జప్తు చేయాలని పోలీసులు పిటిషన్ వేశారట. కేసు పెట్టిన రెండేళ్లకు వేస్తే చెల్లదు, ఆరు నెలల్లో వేయాలి, నోటీసు పక్కన పడేయండి, కోర్టే కొట్టేస్తుంది అని మా వీధిలో కోర్టు పనులు తెలిసిన ఒక పెద్దాయన చెప్పారు. ఎందుకైనా మంచిది, నీ చెల్లెలికి గిఫ్టు రాసెయ్ అని మా తోటికోడలు అంటోంది. మేము ఇచ్చింది 18 లక్షలు, పత్రంలో రాయించింది 9 లక్షలు. రాత్రిళ్లు నిద్ర లేదు, ఒకటే టెన్షన్. పిటిషన్ లేటుగా వేశారని చెప్పి కొట్టేయించుకోవచ్చా? ఇంకో మాట. ఆ స్థలం మాకు అమ్మినాయనకు 2014లో అన్నదమ్ముల భాగపరిష్కారంలో వచ్చింది. ఇది పనికొస్తుందో లేదో తెలీదు.
– ఒక పాఠకురాలు, తిరుచానూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదవగానే ఫోన్ చేసింది అందుకే. ఈ జవాబు ఇక్కడ వచ్చేదాకా ఆగితే మీ గడువు కాస్తా దాటిపోయేది. ఆ రోజు ఫోన్లో నేను చెప్పింది సగం, మీ కంగారులో మీకు వినబడింది అందులో సగం అయి ఉంటుంది. మిగతాది తీరిగ్గా రాస్తున్నాను. మీలాంటి నోటీసు అందుకున్నవాళ్లు ఇంకొందరు ఉండే ఉంటారు, వాళ్లకూ పనికొస్తుంది.

పోలీసులు ఆలస్యం చేసిన మాట నిజం. ఆలస్యమైంది కాబట్టి పిటిషన్ దానంతటదే పడిపోతుందన్నది మాత్రం నిజం కాదు. మీరు పంపిన ఫోటోలో నోటీసు పై వరుస చూశాను. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 107వ సెక్షన్ అని ఉంది. నేర కేసులు ఎలా నడపాలో చెప్పే పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జూలై 1న వచ్చిన చట్టం ఇది. దర్యాప్తు చేస్తున్న అధికారికి ఫలానా ఆస్తి నేరం వల్ల వచ్చిందని నమ్మకం కుదిరితే, ఎస్పీ అనుమతి తీసుకుని, కేసు నడిచే కోర్టులో జప్తుకు దరఖాస్తు పెట్టుకోవచ్చని ఈ సెక్షన్ చెబుతుంది. ఎఫ్ఐఆర్ నుంచి ఇన్ని నెలల్లో పెట్టాలన్న మాట అందులో ఎక్కడా లేదు. ఈ దశలో గడువు రాసి ఉన్నది ఒక్కరికే, నోటీసు అందుకున్నవాళ్లకి. పద్నాలుగు రోజులు. ఆ లోపల మీరు హాజరు కాకపోతే, జవాబు ఇవ్వకపోతే, మీ మాట వినకుండానే ఆర్డరు వేసే అధికారం కోర్టుకుంది. అంటే నోటీసు పక్కన పడేయమన్న సలహా పాటించి ఉంటే, పోలీసులు రెండేళ్లు పడ్డ కష్టాన్ని మీరు రెండు వారాల్లో తీర్చేవారు.

మరి ఆ పెద్దాయన ఆరు నెలలని ఎందుకన్నారు? గాల్లోంచి తెచ్చిన మాట కాదది. మనీలాండరింగ్ చట్టంలో ఈడీ తాత్కాలికంగా ఒక ఆస్తిని అటాచ్ చేస్తే, అంటే చేతులు మారకుండా కట్టేస్తే, ఆ ఆర్డరు 180 రోజులే ఉంటుంది. ఆలోగా ఆ చట్టం కింద తీర్పు చెప్పే అడ్జుడికేటింగ్ అథారిటీ దాన్ని ఖాయం చేయాలి, లేకపోతే పోతుంది. పేపర్లలో తరచూ వచ్చే ముక్క అది, ఆయన చెవిన పడి ఉంటుంది. అనుమతి లేని డిపాజిట్ పథకాలను నిషేధిస్తూ 2019లో వచ్చిన కేంద్ర చట్టంలోనూ ఇలాంటిదే ఉంది. అధికారి తాత్కాలికంగా అటాచ్ చేశాక 30 రోజుల్లో, కారణాలు రాస్తే 60 రోజుల్లో, ప్రత్యేక కోర్టుకు దరఖాస్తు పెట్టాలి. ఆ చట్టాల కింద నోటీసు వచ్చి ఉంటే మొదటి పనిగా క్యాలెండరే చూడమని చెప్పేదాన్ని. మీది ఆ చట్టం కాదు. అందుకే జప్తు నోటీసు ఎవరికి వచ్చినా మొదట చూడాల్సింది ఏ చట్టం, ఏ సెక్షన్ అన్నది. మన తెలుగులో అన్నిటికీ కలిపి జప్తు అనేస్తాం, చిక్కంతా అక్కడే.

పైగా 107లోనే రెండో క్లాజు చదివితే, ఆస్తి నేరం వల్ల వచ్చిందని కోర్టుకు అనిపించడం సాక్ష్యం తీసుకోకముందైనా, తీసుకున్న తర్వాతైనా జరగొచ్చు అన్న మాట ఉంది. అంటే విచారణ మధ్యలో కూడా ఇలాంటి పిటిషన్ రావచ్చని చట్టం రాసినవాళ్లే ఊహించారు. లేటు అన్న ఒక్క మాట పట్టుకుని వెళ్తే జడ్జిగారు ఈ వాక్యం చదివి వినిపిస్తారు, మీ లాయరు తల దించుకుంటారు.

మన దగ్గరే కాదు. ఇంగ్లండ్‌లో శిక్ష పడ్డాక నేరస్తుడి సంపాదన లాక్కునే ఆర్డరుకు చట్టంలోనే గడువు ఉంటుంది. 2002 నాటి వాళ్ల చట్టంలో అది నేరం రుజువైన రోజు నుంచి రెండేళ్లు. అంతకుముందు చట్టంలో ఆరు నెలలు. ఆ ఆరు నెలలూ దాటాక వేసిన ఆర్డర్లు చెల్లవని సోనేజీ అనే ముద్దాయి పేరుతో నడిచిన కేసు అప్పట్లో వాళ్ల అన్నిటికన్నా పై కోర్టయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. గడువు తప్పినంత మాత్రాన ఆర్డరు రద్దు కాదని 2005లో అక్కడ తేల్చారు. గడువు రాసి ఉన్న చోటే సంగతి అలా ఉంది. అసలు రాయని చోట ఆలస్యాన్ని ఎంతవరకు నమ్ముకోవచ్చో మీరే ఆలోచించండి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కొన్నేళ్ల కిందట నా దగ్గరికి ఒక పెద్దమనిషి వచ్చారు. వేరే చట్టం కింద వచ్చిన నోటీసు, ఇదే ధీమా. కాలం చెల్లిన కాగితమని బీరువాలో పడేసి, వాయిదా రోజున కుటుంబంతో కొండెక్కారు. దర్శనం బాగా జరిగిందట. దిగి వచ్చేసరికి ఎక్స్‌పార్టీ ఆర్డరు, అంటే ఆయన మాట వినకుండానే వేసిన ఆర్డరు. ఆయన దగ్గర మంచి కాగితాలు ఉన్నాయి, అయినా ఆ ఆర్డరు తీయించి తిరిగి మొదటి మెట్టుకు రావడానికే ఏడాది పట్టింది.

ఆలస్యం మీకు అసలు అక్కరకు రాదని కాదు. రెండు చోట్ల వస్తుంది, కానీ మీ పెద్దాయన అనుకున్నట్టు కాదు. మొదటిది, కేసు 2024 మార్చిది. అప్పటికి ఈ కొత్త చట్టం రాలేదు. జూలై 1 నాటికి పెండింగులో ఉన్న దర్యాప్తులు పాత సీఆర్‌పీసీ ప్రకారమే సాగాలని కొత్త చట్టం 531వ సెక్షన్ చెబుతోంది. పాత చట్టంలోనూ ఆస్తుల జప్తుకు 7-ఏ అని ఒక అధ్యాయం ఉండేది గానీ, అది దేశం సరిహద్దులు దాటిన నేరాలకే వర్తిస్తుందని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి పాత కేసులో కొత్త 107 ఎలా వాడతారని అడగొచ్చు. పిటిషన్ కొత్తది, పద్ధతికి సంబంధించిన చట్టం ఎప్పుడైనా కొత్తదే వర్తిస్తుందని ప్రభుత్వ లాయరు బదులిస్తారు. రెండోది, సెక్షన్‌లో దర్యాప్తు చేస్తున్న అధికారి అని ఉంది. ఛార్జిషీటు వేసేశాక ఏ దర్యాప్తు నడుస్తోంది? విచారణ మొదలయ్యాక మళ్లీ దర్యాప్తు చేయాలంటే కోర్టు అనుమతి కావాలి, 90 రోజుల్లో ముగించాలి, పొడిగించాలన్నా కోర్టునే అడగాలి. ఆ అనుమతి తీసుకున్నారా, ఎస్పీ అనుమతి పత్రం పిటిషన్‌కు జత చేశారా అని మీ లాయరు ఫైలు తిరగేయాలి. కేసు చిత్తూరుది, స్థలం ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. అనుమతి ఇచ్చింది ఎవరో కూడా చూడమనండి.

ఈ రెండూ కౌంటరులో, అంటే కోర్టుకు మీరిచ్చే రాతపూర్వక జవాబులో, రాయించండి. కానీ వాటిని చివరి పేజీలో పెట్టమనండి. మొదటి పేజీలో ఉండాల్సింది మీ ఉత్తరంలో ఆఖరున, పనికొస్తుందో లేదో అని సందేహిస్తూ రాసిన ఆ ఒక్క వాక్యం.

2014లో భాగపరిష్కారం. చీటీలు మొదలైంది 2017లో. చీటీల డబ్బుతో ఆ స్థలం కొనే అవకాశమే లేదమ్మా, అది ఆయనకు వాళ్ల నాన్నగారి ఆస్తిలో వచ్చిన వాటా. నేరం వల్ల వచ్చిన ఆస్తి అని ముద్ర వేయాలంటే ముందు నేరం ఉండాలి, తర్వాత ఆస్తి రావాలి. ఇక్కడ ఆస్తి మూడేళ్లు ముందుంది. మీ సేల్‌డీడ్‌లో లింకు డాక్యుమెంటు నంబరు రాసి ఉంటుంది, ఆ నంబరుతో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో భాగపరిష్కారం సర్టిఫైడ్ కాపీ తీయించండి. 2014కు ముందు నుంచి ఇవాళ్టిదాకా ఈసీ, అంటే ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా కూడా తీయించండి.

అంతటితో కేసు అయిపోయిందని పండగ చేసుకోకండి. చట్టంలో నేరం వల్ల వచ్చిన ఆస్తి అన్న మాట పక్కనే, అలాంటి ఆస్తి విలువ అన్న మాట కూడా ఉంది. మోసం చేసిన డబ్బు ఖర్చయిపోతే దానికి సమానమైన వేరే ఆస్తి మీద చెయ్యి వేయడానికి పోలీసులు ఆ మాట వాడతారు. అంటే స్థలం తాతల నాటిదైనా సరే, అది ఇంకా ఆయనదే అని చూపగలిగితే వాళ్ల పని జరుగుతుంది. అందుకే నోటీసులో మీరు ఆయన తరఫున పెట్టుకున్నారని రాశారు. గమనించారో లేదో, మీకు వచ్చింది ఆయనకు ఇచ్చిన నోటీసు కాపీ. ఆస్తి వేరేవాళ్ల చేతిలో ఉందని రాసినప్పుడు ఆ వేరేవాళ్లకూ కాపీ ఇవ్వాలని చట్టం. ఇక మొత్తం గొడవ ఒకే ప్రశ్న దగ్గరికి వస్తుంది. 2020లో జరిగింది నిజమైన అమ్మకమా, పేరు మార్పిడా?

పోలీసుల వైపు నుంచి చూడండి. అమ్మినవాడు చుట్టం. పత్రంలో 9 లక్షలు. ఆ చుట్టుపక్కల ధర దానికి రెట్టింపు. చుట్టానికి సగం ధరకు రాసిచ్చాడంటే దాచుకోవడానికే అని ఎవరికైనా అనిపిస్తుంది. రిజిస్ట్రేషన్ ఖర్చు తగ్గుతుందని మన ఊళ్లలో అందరూ ప్రభుత్వ విలువకే పత్రం రాయిస్తారు. ఆ రోజు మిగిలిన డబ్బు ఎంతోగానీ, ఇవాళ మీ మెడకు చుట్టుకున్నది ఆ అంకే.

అయితే ఫోన్లో నేను గుచ్చిగుచ్చి అడిగితే మీరు చెప్పిన లెక్క వేరేగా ఉంది. రెండు చెక్కులు, 9 లక్షలు. తర్వాత మీ ఖాతా నుంచి ఆయన భార్య ఖాతాకు 6 లక్షలు. మిగతా 3 లక్షలు నగదు, బంగారం కుదువపెట్టి తెచ్చింది. అంటే పత్రంలో 9 కనిపించినా బ్యాంకులో 15 కనిపిస్తోంది. ఆ 3 లక్షలకు కూడా గోల్డ్‌లోన్ రసీదు ఉంది, దాని తేదీ రిజిస్ట్రేషన్‌కు నాలుగు రోజుల ముందుది. వంద రూపాయల స్టాంపు కాగితం మీద 18 లక్షలకు రాసుకున్న అగ్రిమెంటు బీరువాలో చీరల కింద ఉందన్నారు. అది ఎలా ఉందో అలాగే తీయండి. ల్యామినేషన్ చేయించవద్దు, మడత చిరిగిన చోట టేపు కూడా అంటించవద్దు. కొత్తగా ఏదీ రాయించుకోవద్దు, పాత తేదీతో రసీదు అసలే వద్దు. ఒక్క దొంగ కాగితం దొరికితే మీ పది నిజం కాగితాలూ దానితో పాటే మునుగుతాయి.

పూర్తి ధర చెబితే మన మీదే కేసు అవుతుందేమో అని మీరు నసిగారు. 2015 నుంచి స్థలం అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోకూడదని ఆదాయపన్ను చట్టం. దాని జరిమానా తీసుకున్నవాళ్లకి. పత్రంలో తక్కువ రాసినందుకు స్టాంపు డ్యూటీ తేడా కట్టమని రిజిస్ట్రేషన్ వాళ్లు అడగవచ్చు. అడిగితే కడదాం. స్థలం మొత్తం పోవడం పక్కన పెట్టి చూస్తే అది చిన్న దెబ్బ. మీ ఆయన సంపాదనతో మీ పేరు మీద కొన్నారు కాబట్టి బినామీ అంటారేమో అన్నది మీ ఇంకో భయం. భర్త తన లెక్క తెలిసిన డబ్బుతో భార్య పేరు మీద కొంటే బినామీ కాదని ఆ చట్టమే మినహాయింపు ఇచ్చింది. కువైట్ నుంచి వచ్చిన ప్రతి పైసా బ్యాంకు ద్వారానే వచ్చింది కదా, 2016 నుంచి 2020 దాకా స్టేట్‌మెంటు తీసి, ఆయన పంపిన వరుసలన్నిటికీ పెన్సిల్‌తో గీత పెట్టండి. పిల్లర్లకు కొన్న ఇనుము, సిమెంటు బిల్లులు, పంచాయతీ అనుమతి, బోరు వేయించిన రసీదు, మేస్త్రీకి ఫోన్‌పేలో పంపిన డబ్బులు, అన్నీ కావాలి. పేరుకు మాత్రమే ఉంచుకున్న స్థలంలో ఎవరూ అప్పు చేసి పిల్లర్లు లేపరు. కోర్టుకు ఇది లా పాయింటు కంటే తొందరగా ఎక్కుతుంది.

మీ తోటికోడలి సలహా సంగతి. చెల్లెలికి గిఫ్టు రాయడం మాట ఇంకోసారి ఇంట్లో వినబడనివ్వకండి. నోటీసు అందాక ఆస్తి చేతులు మార్చితే, మీది దాచుకున్న ఆస్తే అని మీరే సంతకం పెట్టి ఒప్పుకున్నట్టు అవుతుంది. జప్తు తప్పించడానికి దురుద్దేశంతో ఆస్తి మళ్లించడం విడిగా ఒక నేరం కూడా, పాపం అందులోకి మీ చెల్లెల్ని కూడా లాగినట్టవుతుంది. ఇంకో చిన్న మాట, చెప్పాలా వద్దా అనుకుంటూనే చెబుతున్నాను. ఆ సలహా ఇచ్చింది ముద్దాయి చెల్లెలు. ఆమెకు చెడు ఉద్దేశం ఉండకపోవచ్చు. కానీ ఈ కేసులో ఆమె అన్న మేలు, మీ మేలు ఒకటి కాదు. ఆయన పెట్టుకున్న లాయర్నే మీకూ మాట్లాడతానంటే వద్దని చెప్పండి. ఒకే వకాలత్తులో ఇద్దరి పేర్లూ కనిపిస్తే పోలీసుల కథకు మీరే బలం ఇచ్చినట్టు.

ఫోన్లో లాయరు ఫీజు గురించి అడిగారు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసాయం అందాలని 1987 నాటి చట్టం ఉంది. కోర్టు ఆవరణలో న్యాయ సేవల కమిటీ ఆఫీసులో అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఎవరిని పెట్టుకున్నా, కాగితాలన్నీ చేతికి రాలేదని వాయిదాకు వెళ్లడం మానవద్దు. ముందు హాజరై, వకాలత్తు వేసి, కౌంటరుకు కొంచెం టైము అడగాలి. పద్నాలుగు రోజుల్లో కనిపించిన మనిషిని వినకుండా కోర్టు ఆర్డరు వేయదు, సరైన అవకాశం ఇవ్వాలని ఆ సెక్షన్‌లోనే ఉంది.

ఒకవేళ అటాచ్‌మెంట్ ఆర్డరు వచ్చినా, ఆ రోజే స్థలం పోయినట్టు కాదు. అమ్మడం, కుదువపెట్టడం ఆగిపోతాయి, రిజిస్ట్రేషన్ ఆఫీసులో నిషేధిత జాబితాలోకి ఎక్కవచ్చు. పై కోర్టుకు వెళ్లే దారి ఉంటుంది. అది నేరం తాలూకు ఆస్తే అని కోర్టు తేల్చినప్పుడే ఆ తర్వాతి మెట్టు. అప్పుడు దాన్ని బాధితులకు ఎవరికెంత నష్టమో ఆ లెక్కన పంచమని కోర్టు కలెక్టరుకు చెబుతుంది, కలెక్టరు 60 రోజుల్లో పంచాలి. ఎవరూ అడగని సొమ్ము, మిగిలిన సొమ్ము మాత్రమే ప్రభుత్వానికి పోతుంది.

ఆ బాధితుల గురించి రెండు మాటలు. మీ ఉత్తరంలో వాళ్ల ఊసే లేదు, మీ కష్టంలో మీకు తోచలేదు, తప్పు పట్టను. కానీ కోర్టు వరండాలో ఆ రోజు వాళ్లూ ఉంటారు. రోజూ వంద, రెండొందలు పక్కన పెట్టి చీటీ కట్టిన పూలమ్మే ఆవిడ, కూతురి పెళ్లికి దాచుకున్న కండక్టరు, అలాంటివాళ్లు. పోలీసులు రెండేళ్లు ఊరుకున్నందుకు మీకంటే ఎక్కువ నష్టపోయింది వాళ్లే. ఇంకా ముందే పిటిషన్ వేసి ఉంటే నిజంగా చీటీల డబ్బుతో కొన్నవి దొరికేవి, అప్పటికింకా అమ్ముకోనివి. ఇప్పుడు మిగిలింది వెతుక్కుంటూ మీ పిల్లర్ల దాకా వచ్చారు. వాళ్లలో ఎవరైనా మిమ్మల్ని ఒక మాట అంటే ఎదురు అనకండి. మీ జవాబు చెప్పాల్సింది జడ్జిగారికి.

మీ ఆయన సెలవు పెట్టి పరిగెత్తుకు రానక్కర్లేదు. స్థలం మీ పేరు మీద ఉంది, కౌంటరు మీద సంతకం మీదే. అక్కడి కంపెనీ ఇచ్చిన జీతం సర్టిఫికెట్టు, పాత సివిల్ ఐడీ కాపీలు వాట్సాప్‌లో పంపమనండి. తర్వాత ఆయన సాక్ష్యం అవసరమైతే అప్పుడు టికెట్టు చూసుకోవచ్చు. మీరు మాత్రం రేపు పొద్దున బ్యాంకు తెరవగానే స్టేట్‌మెంటుకు రాసివ్వండి. పాత సంవత్సరాలవి తీయడానికి వాళ్లు రెండు మూడు రోజులు తిప్పుతారు.